అడిగితే కదా చెప్పేది

పాక్లిటాక్సెల్ అని ఒక మందుంది. అమెరికా పడమటి తీరపు అడవుల్లో పెరిగే ఒక చెట్టు బెరడులో మొదట దొరికింది. రొమ్ము క్యాన్సర్‌కి కీమో ఎక్కించే ఆసుపత్రుల్లో, మన హైదరాబాదులోనైనా విశాఖలోనైనా, ఈ పేరు రోజూ వినబడుతుంది. 2008లో ఈ మందు గురించి అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. దాదాపు 5,000 మంది స్త్రీలను నాలుగు జట్లుగా చేశారు. కొందరికి పాక్లిటాక్సెల్, కొందరికి అదే కుటుంబానికి చెందిన డోసిటాక్సెల్. రెంటినీ కొందరికి వారం వారం, కొందరికి మూడు వారాలకొకసారి ఇచ్చి చూశారు. పాత పద్ధతిలో మూడు వారాలకొకసారి పాక్లిటాక్సెల్ తీసుకున్నవాళ్ల కన్నా, అదే మందు వారం వారం తీసుకున్నవాళ్లు ఎక్కువమంది బతికారు. ఇంకేం కావాలి? వారం వారం ఇవ్వడం వాడుకలో స్థిరపడింది.

అదే అధ్యయనంలో ఇంకొక అంకె కూడా ఉంది. ఆ వారం వారం జట్టులో నూటికి 27 మందికి నరాలు చెప్పుకోదగ్గ స్థాయిలో దెబ్బతిన్నాయి. అంటే చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి, అరికాళ్లు మొద్దుబారతాయి. గుండీ పెట్టుకోలేరు. కాలికింద నేల చల్లగా ఉందో వేడిగా ఉందో తెలియదు. కొందరికి మందు ఆపాక కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. కొందరికి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. క్యాన్సర్ పోయింది, వేళ్లు మాత్రం తిరిగి రాలేదు అన్నమాట.

ఆఫీసులో కూర్చుని పనిచేసేవాళ్లకి అది ఇబ్బంది. రోజంతా ఇతరుల జుట్టు అల్లి బతికే స్త్రీకి, హోటల్ గదుల్లో దుప్పట్లు మార్చే స్త్రీకి, ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టే పనిలో ఉన్న స్త్రీకి అది జీవనాధారం పోవడమే.

తర్వాత కొన్నేళ్లకు ఇండియానా యూనివర్సిటీలో డాక్టర్ బ్రయన్ ష్నైడర్ బృందం మరో పెద్ద అధ్యయనం వివరాలు తిరగేసింది. నల్లజాతి స్త్రీలకు ఈ నరాల దెబ్బ తెల్లజాతి వాళ్లకన్నా ఎక్కువగా తగులుతోందని బయటపడింది. దెబ్బ ఎక్కువైతే డాక్టర్లేం చేస్తారు? మోతాదు తగ్గిస్తారు. లేదా మధ్యలో ఆపేస్తారు. మోతాదు తగ్గితే క్యాన్సర్ మళ్లీ వస్తుందేమోనన్న భయం. ఇటు వేళ్లు, అటు ప్రాణం.

అప్పుడు ష్నైడర్ బృందం చేసిన పని నాకు బాగా నచ్చింది. కేవలం నల్లజాతి స్త్రీలతోనే ఒక అధ్యయనం పెట్టారు. రెండు వందల పైచిలుకు మంది చేరారు. ఒక జట్టుకి వారం వారం పాక్లిటాక్సెల్, ఇంకో జట్టుకి మూడు వారాలకొకసారి డోసిటాక్సెల్. 2024లో అచ్చయిన ఫలితాల ప్రకారం పాక్లిటాక్సెల్ జట్టులో నరాల దెబ్బ నూటికి నలభై దాటితే, డోసిటాక్సెల్ జట్టులో ముప్పై లోపే ఉంది. మోతాదు తగ్గించాల్సి వచ్చిన సందర్భాలూ డోసిటాక్సెల్ జట్టులోనే తక్కువ. ఫలానా జన్యువులున్నవాళ్లకే ఈ బాధ ఎక్కువ వస్తుందేమోనని మొదట అనుకున్నారు, ఆ అంచనా మాత్రం నిలబడలేదు. డోసిటాక్సెల్‌కీ దాని బాధలు దానికున్నాయి. ఎవరికేది ఇవ్వాలో వాళ్ల డాక్టరే చెప్పాలి. కానీ కొత్త మందేదీ కనిపెట్టకుండానే, ఉన్న రెండు పాత మందుల్లో ఏది ఎవరికి నయమో తేలింది. తేలడానికి చేసిందల్లా ఆ స్త్రీలని అడగడం.

అంతకుముందు అంతమంది స్త్రీలతో అన్ని అధ్యయనాలు జరిగాయి. వాటిలో నల్లజాతివాళ్లు అరకొరగా ఉన్నారు. అరకొరగా ఉన్నప్పుడు వాళ్ల బాధ సగటులో కలిసిపోతుంది. ఆది జాకెట్టు ఒకరిది ఇచ్చి ఊరందరికీ అదే కొలతతో కుట్టించినట్టు. బిగుతైనవాళ్లు తమ ఒంటిదే తప్పనుకుంటారు.

ఇవాళ్టి ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. అమెరికాలో నల్లజాతి స్త్రీలను, స్పానిష్ మాట్లాడే లాటినా స్త్రీలను, ఆసియా నుంచి వెళ్లినవాళ్లను, అక్కడి ఆదివాసీలను రొమ్ము క్యాన్సర్ అధ్యయనాల్లో చేర్చాలంటే చాలామంది అదేదో దయాధర్మంలా, కోటాలా మాట్లాడతారు. నాకు అలా అనిపించదు. వాళ్లు లేని లెక్క తప్పు లెక్క. అది అధ్యయనం చేసినవాళ్ల లోపం, రానివాళ్ల లోపం కాదు.

కొన్ని అంకెలు చెబుతాను. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ వచ్చి బతికున్న స్త్రీలు 40 లక్షలు దాటారు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ లెక్కల్లో, నల్లజాతి స్త్రీలకు ఈ జబ్బు రావడం తెల్లజాతివాళ్ల కన్నా 5 శాతం తక్కువ. చనిపోవడం 38 శాతం ఎక్కువ. తక్కువ వచ్చే జబ్బుతో ఎక్కువ చనిపోతున్నారు. దీనికి ఒక్కటే కారణం చెప్పేవాళ్లని నమ్మకండి. హార్మోన్ మాత్రలు పనిచేయని ట్రిపుల్ నెగటివ్ రకం వాళ్లకి దాదాపు రెట్టింపు వస్తుంది. కొందరికి బీమా ఉండదు. ఆలస్యంగా తెలుస్తుంది. తెలిశాక వైద్యం ఆలస్యంగా మొదలవుతుంది. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఇక 2008 నుంచి 2018 దాకా అమెరికాలో అనుమతి పొందిన క్యాన్సర్ మందుల అధ్యయనాలను ఒక బృందం లెక్కతీసింది. జాతి వివరం రాసిన అధ్యయనాల్లో నల్లజాతివాళ్లు నూటికి ముగ్గురు. అసలు మూడోవంతుకు పైగా అధ్యయనాలు ఎవరు ఏ జాతివాళ్లో రాయనేలేదు.

చట్టం లేదా అంటే ఉంది. అంతకుముందు ఇంకో వింత ఉంది. 1977 నుంచి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. పిల్లల్ని కనే వయసున్న స్త్రీలను మందుల తొలి దశ పరీక్షల్లోకి తీసుకోవద్దని చెప్పేది. కడుపులో బిడ్డకు హాని జరుగుతుందని భయం. భయం న్యాయమైనదే, ఫలితం మాత్రం విచిత్రం. తొలి దశలో మందులు మగవాళ్ల మీదే ఎక్కువగా పరీక్షించి ఆడవాళ్లకి ఇచ్చారు. 1993లో ఆ నియమం పోయింది. అదే ఏడాది జూన్‌లో అప్పటి అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో ఒక చట్టం వచ్చింది. జాతీయ ఆరోగ్య సంస్థల డబ్బుతో మనుషుల మీద జరిగే అధ్యయనాల్లో స్త్రీలూ, అల్పసంఖ్యాక జాతులవాళ్లూ తప్పనిసరిగా ఉండాలని. ఖర్చెక్కువవుతుందని వదిలేయడానికి వీల్లేదని కూడా అందులో రాశారు. ఆ మాట రాయాల్సి వచ్చిందంటే అంతకుముందు ఏ సాకు చెప్పేవారో మీకు అర్థమవుతుంది.

చట్టం వచ్చాక సాకు మారింది. పిలుస్తున్నాం కానీ వాళ్లు రావడం లేదు, వాళ్లకి మా మీద నమ్మకం లేదు అనడం మొదలైంది. నమ్మకం ఎందుకు లేదంటే వెంటనే టస్కీగీ పేరు చెబుతారు. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అలబామా రాష్ట్రంలో టస్కీగీ పట్టణం ఉన్న మేకన్ కౌంటీలో 1932లో ప్రభుత్వ ఆరోగ్యశాఖ ఒక అధ్యయనం మొదలుపెట్టింది. సిఫిలిస్ సోకిన 399 మంది నల్లజాతి మగవాళ్లకు, వాళ్లలో చాలామంది కౌలు రైతులు, అసలు జబ్బేమిటో చెప్పకుండా, జబ్బు ముదిరితే ఏమవుతుందో చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చి సిఫిలిస్ మామూలుగా నయమయ్యే రోజులొచ్చాక కూడా వాళ్లకి ఇవ్వలేదు. 1972లో పత్రికల్లో పడేదాకా, 40 ఏళ్లు, అది నడిచింది. క్లింటన్ 1997లో ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. ఇంకొక కథ హెన్రియెట్టా లాక్స్‌ది. 1951లో గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్‌తో పోయిన నల్లజాతి తల్లి. ఆమె కణాలను అడగకుండా తీసుకున్నారు. అవి ప్రపంచమంతా లాబొరేటరీల్లో ఇప్పటికీ పెరుగుతూనే ఉన్నాయి.

ఇవి మరిచిపోయే సంగతులు కావు. కానీ టస్కీగీ పేరు చెప్పి చేతులు దులుపుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే అంకెలు వేరే చెబుతున్నాయి. 2006లో డేవిడ్ వెండ్లర్ బృందం, 70,000 మందికి పైగా జనాన్ని చేరమని అడిగిన 20 ఆరోగ్య అధ్యయనాలను పరిశీలించింది. ఒప్పుకునే విషయంలో జాతుల మధ్య తేడా అతి స్వల్పం. 2021లో క్యాన్సర్ రోగుల మీద ఇలాంటి లెక్కే ఇంకొకటి వచ్చింది. చేరతారా అని అడిగినప్పుడు తెల్లజాతివాళ్లలో నూటికి 55 మంది సరే అన్నారు. నల్లజాతివాళ్లలో 58 మంది. రానిది వాళ్లు కాదు. పిలవనిది వీళ్లు.

పిలవకపోవడం ఎప్పుడూ కావాలని చేసేది కాదు. అది నియమాల్లో దాక్కుని ఉంటుంది. ఉదాహరణకి, రక్తంలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఒక మైక్రోలీటరులో 1,500 కన్నా తక్కువుంటే చాలా అధ్యయనాల్లో చేర్చుకోరు. ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో చాలామందికి పుట్టుకతోనే ఆ లెక్క తక్కువ. ఎందుకంటే ఎర్రకణాల మీద ఉండే డఫీ అనే గుర్తు వాళ్లకి ఉండదు. వైవాక్స్ మలేరియా నుంచి వాళ్ల పూర్వీకులను కాపాడింది ఆ గుర్తు లేకపోవడమే. లెక్క తక్కువున్నా వాళ్లకి జ్వరాలు, ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ రావు. అది వాళ్లకి మామూలు. అయినా నియమం రాసినవాళ్లు 'మామూలు' అంటే ఎవరి మామూలో ఆలోచించలేదు కాబట్టి, ఫారం నింపే దగ్గరే తలుపు మూసుకుంటుంది. బీపీ, షుగర్ ఉంటే వద్దు అన్న నియమమూ అంతే. పేదవాళ్లలో ఎక్కువమంది అక్కడే జారిపోతారు. ఇక మంగళవారం పదింటికి రండి అంటే, గంటల లెక్కన జీతం తీసుకునే మనిషి ఎలా వస్తుంది? కారు పార్కింగుకే డబ్బు కట్టాలంటే? పిల్లాణ్ని ఎవరి దగ్గర వదిలిపెట్టాలి?

ఇంతవరకూ మందుల పరీక్షల గురించి చెప్పాను. మందులు అయిపోయాక మొదలయ్యే కాలం సంగతి ఇంకా అన్యాయం. వైద్యం ముగిసిన తర్వాతి జీవితాన్ని ఒక ప్రత్యేక విషయంగా చూడటం పాతదేం కాదు. ఫిట్జ్‌హ్యూ మలన్ అని ఒక పిల్లల డాక్టర్, తనకే క్యాన్సర్ వచ్చి బతికాక, 1985లో ఒక వ్యాసం రాశాడు. నయమైంది, నయం కాలేదు అని రెండు ముక్కల్లో తేల్చేయడం కుదరదు, బతకడంలోనూ దశలుంటాయి అన్నది దాని సారం. మరుసటి ఏడాదే న్యూమెక్సికోలోని ఆల్బుకెర్కీలో కొందరు కూడి ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. 1996లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ దీనికోసం ఒక కార్యాలయమే తెరిచింది. చెయ్యి వాపు, తిమ్మిర్లు, నీరసం, ముప్పై ఐదేళ్లకే ముట్లు ఆగిపోవడం, ఐదేళ్లు పదేళ్లు మింగాల్సిన హార్మోన్ మాత్రలు, మళ్లీ వస్తుందన్న భయం, ఉద్యోగం, అప్పులు, దాంపత్యం. ఇవన్నీ ఆ శాస్త్రం కిందకొచ్చాయి.

ఎవరిని అడిగి తెలుసుకున్నారు? పెద్ద ఆసుపత్రికి క్రమం తప్పకుండా వచ్చేవాళ్లని. పోస్టులో వచ్చిన ఫారం ఓపిగ్గా నింపి పంపేవాళ్లని. ఒక మంచి ఉదాహరణ చెబుతాను, మంచిదే కాబట్టి చెబుతున్నాను. 1976లో మొదలైన నర్సుల ఆరోగ్య అధ్యయనం ప్రపంచ ప్రసిద్ధం. లక్షా ఇరవై వేలకు పైగా నర్సులు ఏళ్ల తరబడి జవాబులు పంపారు. అందులో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 2,987 మందిని చూసి, వారానికి మూడు నుంచి ఐదు గంటలు నడిచినవాళ్లు ఎక్కువకాలం బతికారని 2005లో చెప్పారు. నడవండి అని ఇవాళ డాక్టర్లు చెప్పే సలహాకు అలాంటి అధ్యయనాలే ఆధారం. ఆ నర్సుల్లో అత్యధికులు తెల్లజాతివాళ్లు. అందరికీ చదువుంది, ఉద్యోగముంది. నడక మంచిది కాదని నేననడం లేదు. చీకటి పడ్డాక వీధిలోకి వెళ్లడానికి జంకే పేటలో ఉన్న స్త్రీకి, రెండు ఉద్యోగాలు చేసి ఇంటికొచ్చే స్త్రీకి నడవండి అని చెప్పి పంపేస్తే అది వైద్య సలహా అవుతుందా?

ఆడ్రీ లార్డ్ అని ఒక నల్లజాతి కవయిత్రి ఉండేది, న్యూయార్కులో. 1978లో ఆమెకి రొమ్ము తీసేశారు. ఆపరేషన్ అయ్యాక ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి ఒక ఆవిడ ఓదార్చడానికి వచ్చి, లోపల పెట్టుకోవడానికి ఒక మెత్త ఇచ్చింది. లేత గులాబీ రంగుది. నల్లని ఒంటి మీద లేత గులాబీ మెత్త! ఇచ్చిన మనిషి మంచిదే. ఈ రంగు ఈమెకి ఎలా సరిపోతుంది అన్న ఆలోచన ఎవరికీ రాలేదు, అంతే. లార్డ్ అది పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళితే, పెట్టుకుని రావాలి, లేకపోతే ఇక్కడికి వచ్చే మిగతావాళ్ల ధైర్యం సడలుతుంది అని నర్సు అన్నదట. ఆ అనుభవాలను ఆమె 1980లో పుస్తకంగా అచ్చు వేసింది. 1992లో అదే జబ్బు కాలేయానికి పాకి చనిపోయింది. బతికి బయటపడ్డాక స్త్రీకి ఏం కావాలో ఆ స్త్రీనే అడగకపోతే ఏమవుతుందో, నాకు తెలిసినంతలో అంతకన్నా సూటిగా చెప్పినవాళ్లు లేరు.

మరి అడిగినవాళ్లు లేరా అంటే ఉన్నారు, వాళ్ల గురించి చెప్పకపోతే అన్యాయం. 1993లో నార్త్ కరోలినాలో ఒక అధ్యయనం మొదలైంది. జనాభా లెక్క ప్రకారం తీసుకుంటే నల్లజాతి స్త్రీలు కొద్దిమందే వస్తారు. కాబట్టి కావాలని వాళ్లని ఎక్కువగా తీసుకున్నారు. 2008 తర్వాతి విడతలో అయితే దాదాపు 3,000 మందిలో సగం నల్లజాతివాళ్లు, సగం యాభై ఏళ్లలోపువాళ్లు. ఆసుపత్రికి రమ్మనకుండా నర్సులే ఇళ్లకి వెళ్లి మాట్లాడారు. ముట్లు ఆగని వయసులో ఉన్న నల్లజాతి స్త్రీల గడ్డల్లో నూటికి 39 వేగంగా పెరిగే ఒక మొండి రకమనీ, ఇతర జాతుల్లో అది 16 మాత్రమేననీ 2006లో లోకానికి చెప్పింది ఈ అధ్యయనమే. బతికినవాళ్ల ఇంటి ఆర్థిక పరిస్థితీ అడిగారు. క్యాన్సర్ వల్ల డబ్బుకి దెబ్బతిన్నాం అన్న నల్లజాతి స్త్రీలు నూటికి 58, తెల్లజాతివాళ్లు 39. అడిగితేనే వచ్చే జవాబిది.

షికాగోలో మెలిండా స్టాలీ చేసిన పని చూడండి. క్యాన్సర్ తర్వాత బరువు తగ్గడం మీద 246 మంది నల్లజాతి స్త్రీలతో అధ్యయనం చేసి, వాళ్లలో ఒక జట్టుకి తరగతులు పెట్టింది. ఎక్కడ? ఆసుపత్రిలో కాదు. వాళ్ల పేటల్లో ఉండే నగర పార్కుల భవనాల్లో. వాళ్లు వండుకునే వంటలతోనే, కలిసి వ్యాయామం చేయిస్తూ. ఆ తరగతులకు వచ్చినవాళ్లు, రెండో జట్టులో సొంతంగా పుస్తకం చూసి చేసినవాళ్ల కన్నా ఎక్కువ తగ్గారు. ఉత్తర కాలిఫోర్నియాలో ఆనా నపోలెస్ బృందం స్పానిష్ మాట్లాడే 151 మంది స్త్రీలతో, దిగులు తగ్గించే ఒక కార్యక్రమాన్ని పరీక్షించింది. పాఠం చెప్పింది డిగ్రీలున్న కౌన్సెలర్లు కాదు, అదే జబ్బు పడి లేచిన అదే భాషవాళ్లు. వాళ్లకి శిక్షణ ఇచ్చి పంపారు. దిగులు తగ్గింది. కిమ్లిన్ టామ్ యాషింగ్ అనే పరిశోధకురాలు 2004లో నల్లజాతి, ఆసియా, లాటినా, తెల్లజాతి స్త్రీలను వేరువేరుగా కూర్చోబెట్టి మాట్లాడించినప్పుడు, కొలతల పట్టీల్లో లేని మాటలు వచ్చాయి. డాక్టరు నాతో ఎంతసేపు మాట్లాడాడు అన్నది. దేవుడి మీద నమ్మకం. ఇంట్లో అందరికీ చేసిపెట్టి తన సంగతి చివర చూసుకునే అలవాటు. ఈ చివరిది మనకెవరూ చెప్పనక్కర్లేదు కదా.

స్త్రీలు తామే సంఘాలు పెట్టుకున్నారు కూడా. కారెన్ యూబాంక్స్ జాక్సన్ 1994లో హ్యూస్టన్‌లో మొదలుపెట్టిన సిస్టర్స్ నెట్‌వర్క్ దేశమంతా శాఖలతో పెరిగింది. మరుసటి ఏడాది బోస్టన్ యూనివర్సిటీవాళ్లు నల్లజాతి స్త్రీల ఆరోగ్య అధ్యయనానికి మనుషులు కావలసివచ్చి ఏం చేశారో తెలుసా? నల్లజాతి స్త్రీలు చదివే ఎసెన్స్ పత్రిక చందాదారుల చిరునామాలకు ప్రశ్నావళి పంపారు. 59,000 మంది చేరారు. రారు అన్నదెవరు?

కొన్ని ప్రశ్నలకు ఇంకా జవాబు లేదు. చంకలో గ్రంథులు తీసేసిన తర్వాత చెయ్యి వాచే బాధ నల్లజాతి స్త్రీలకు తెల్లజాతివాళ్ల కన్నా మూడు రెట్లకు పైగా వస్తోందని న్యూయార్కు స్లోన్ కెటరింగ్ ఆసుపత్రివాళ్లు 2021లో చెప్పారు. చేతి కొలతలు తీసి చెప్పిన మాట అది. ఎందుకో తేలలేదు. తేలాలంటే ఇంకా ఎక్కువమందిని, ఇంకా ఎక్కువకాలం చూడాలి.

ఇక మన సంగతి. అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎంత వేగంగా పెరిగారో మీ వీధిలోనే లెక్క తెలుస్తుంది. వాళ్లు ఈ లెక్కల్లో ఎక్కడున్నారు? చాలా అధ్యయనాల్లో 'ఏషియన్' అన్న ఒక్క గడిలో. చైనా, కొరియా, ఫిలిప్పీన్స్, వియత్నాం నుంచి వెళ్లినవాళ్లూ, గుంటూరు నుంచి వెళ్లిన పిన్నీ అందరూ ఒకటే గడి. తిండి వేరు, పెళ్లి వయసు వేరు, ఒళ్లు వేరు, జబ్బొచ్చే వయసు వేరు. అందరినీ కలిపి సగటు తీస్తే ఏషియన్లకు ఫర్వాలేదు అని వస్తుంది. ఎవరికి ఫర్వాలేదు? గుండె జబ్బుల విషయంలో ఈ తప్పు దిద్దుకున్నారు. దక్షిణాసియావాళ్లని విడిగా చూడటానికి 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల్లో 906 మందితో మసాలా అనే అధ్యయనం మొదలైంది. పేరు నిజంగానే అది. రొమ్ము క్యాన్సర్ దాటిన దక్షిణాసియా స్త్రీల కోసమూ అలాంటి పెద్ద, దీర్ఘకాలపు పని జరగాలని నా కోరిక. 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం జాతి వివరాల నియమాలు మార్చి, ఏషియన్ అన్న పెద్ద గడి కింద ఏషియన్ ఇండియన్ లాంటి చిన్న గడులు కూడా ఉండాలంది. చిన్న మార్పే. లెక్క అక్కడే మొదలవుతుంది.

అదే 2024లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ, 25 నుంచి 55 ఏళ్ల మధ్య ఉన్న లక్షమంది నల్లజాతి స్త్రీలను చేర్చుకుని 30 ఏళ్లు వెన్నంటి చూసే అధ్యయనం మొదలుపెట్టింది. మరోవైపు, మందుల కంపెనీలు తమ పరీక్షల్లో వేర్వేరు జనాలను ఎలా చేర్చుకుంటాయో ముందే ప్రణాళిక ఇవ్వాలని 2022 డిసెంబరులో చట్టం వచ్చింది. దానికి ఎఫ్.డి.ఎ. రాసిన ముసాయిదా 2025 జనవరిలో ప్రభుత్వం మారగానే వెబ్‌సైట్ నుంచి మాయమైంది. కోర్టు చెప్పాక తిరిగొచ్చింది. ఇలాంటి విషయాల మీద ఇచ్చిన పరిశోధన నిధులు కొన్ని ఆ ఏడాది రద్దయ్యాయి. ముప్పై ఏళ్ల అధ్యయనానికి నాలుగేళ్లకొకసారి మారే ప్రభుత్వాలతో ఎంత చిక్కో ఊహించుకోండి.

ముగించే ముందు, అక్కడ అక్కో చెల్లో వదినో ఈ వైద్యంలో ఉన్న శ్రోతలకు రెండు మాటలు. ఫారంలో ఏషియన్ ఇండియన్ అన్న గడి ఉంటే అందులోనే గుర్తు పెట్టమనండి. నాకు సరిపడే అధ్యయనం ఏదైనా ఉందా అని డాక్టర్ని తనంతట తనే అడగమనండి. చేరాక నచ్చకపోతే ఎప్పుడైనా మానేయవచ్చు, మానేసినా వైద్యం ఆగదు. ఇంగ్లీషు రాని అమ్మలు, అత్తగార్లు అక్కడ వైద్యం చేయించుకుంటుంటే, దుబాసీ కావాలని అడగండి. కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలని అక్కడ చట్టముంది. కొడుకు పక్కనుండి అనువాదం చేస్తుంటే ఏ తల్లీ తన కాపురం గురించి, తన ఒంటి గురించి డాక్టరు అడిగే ప్రశ్నలకు నిజం చెప్పదు. అన్నింటికీ 'బాగానే ఉంది' అంటుంది. ఆ 'బాగానే ఉంది'నే వాళ్లు రాసుకుంటారు. కాబట్టి ఆ కాసేపు కొడుకుని బయట కూర్చోమని చెప్పడానికి మొహమాటపడొద్దని ఆ తల్లికి చెప్పండి. కొడుక్కి కూడా చెప్పండి.